సర్వర్ ఖాళీగానే ఉంది, మెయిల్ మాత్రం కదలదు

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు అకౌంట్స్ నుంచి ఫోన్. "ఏందన్నా, మెయిల్ పంపితే తిరగతానే ఉండాది, పోవడంలా." పది నిమిషాలకు ప్లాంట్ నుంచి ఇంకో ఫోన్. రొయ్యల కంటెయినర్ అప్పటికే తడ దాటి చెన్నై వైపు పోతోంది. దాని కాగితాలు మాత్రం నెల్లూరు దాటలేదు. నేను ఒక రొయ్యల ఎగుమతి సంస్థకు మెయిల్ సర్వర్ చూసుకుంటాను. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. సర్వర్‌లోకి వెళ్లి చూస్తే సీపీయూ పది శాతం కూడా వాడటం లేదు, డిస్కు నిమ్మళంగా ఉంది, ఇంటర్నెట్ లింకు సగం కూడా నిండలేదు. అన్నీ ఖాళీగానే ఉన్నాయి, ఏదీ కదలడం లేదు.

మెయిల్ సర్వర్ నెమ్మదించడంలో తికమక పెట్టేది ఇదే. కంప్యూటర్ నెమ్మదించిందంటే పని ఎక్కువై ఉంటుందని మనకు అలవాటైన ఊహ. మెయిల్ సర్వర్ చాలాసార్లు పని లేక నెమ్మదిస్తుంది. ఎక్కడో ఎవరి జవాబు కోసమో కూర్చుని ఉంటుంది. ఎక్కడ కూర్చుందో కనిపెట్టకుండా సెట్టింగుల్లో అంకెలు పెంచితే గోతిని ఇంకాస్త లోతు చేసుకున్నట్టే. ఆ రోజు నేను సరిగ్గా ఆ పనే చేశాను.

మొదట చేసింది అందరూ చేసేదే, రీస్టార్ట్. మెయిళ్లు ఒక్కసారిగా పరుగెత్తాయి. హమ్మయ్య అనుకుని టీ తాగి వచ్చేలోపు మళ్లీ మొదటికొచ్చింది. రీస్టార్ట్ చేస్తే లోపల ఎదురుచూస్తున్న కనెక్షన్లన్నీ తెగిపోతాయి, గది ఖాళీ అవుతుంది. కారణం అలాగే ఉంది కాబట్టి మళ్లీ నిండుతుంది. తెగిపోయినవాళ్లు కూడా తిరిగి వస్తారు కాబట్టి ఈసారి ఇంకొంచెం త్వరగా నిండుతుంది. రీస్టార్ట్ చేస్తే పది నిమిషాలు బాగుండి మళ్లీ అదే వరస అయితే, రోగం ఏదైనా లక్షణం మాత్రం ఒకటే: ఎక్కడో ఎదురుచూపు పేరుకుపోతోంది.

మిల్లు గేటు ముందు లారీలు

మార్చిలో కోతలు ఊపందుకున్నాక మన దగ్గర రైస్ మిల్లుల ముందు లారీలు బారులు తీరడం చూసే ఉంటారు. గేటు దాటి లోపలికి రావాలి, కాటా ఎక్కాలి, గుప్పెడు ధాన్యం తీసి తేమ మీటరులో చూడాలి, 17 శాతం దాటితే పేచీ, అంతా సరిపోతే హమాలీలు బస్తాలు దించాలి. లోపల లారీలు నిలిపే చోటు ఇంత అని ఉంటుంది. అది నిండితే తర్వాతివి రోడ్డు మీదే.

పోస్ట్‌ఫిక్స్ కూడా ఇంతే. ఐబీఎంలో పనిచేస్తూ వీట్సె వెనెమా రాసిన ఈ మెయిల్ సాఫ్ట్‌వేర్ 1998 చివర్లో బయటికి వచ్చింది. ఇప్పటికీ చాలా సంస్థల్లో ఇదే నడుస్తోంది. బయటినుంచి వచ్చే ఒక్కో కనెక్షన్‌ను ఒక్కో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం కాపీ) చూసుకుంటుంది. మనం ఏమీ మార్చకపోతే ఒక్కో సర్వీసుకు 100 ప్రాసెస్‌లు, అంటే మిల్లు ఆవరణలో 100 లారీల చోటు. 101వ లారీ వస్తే దాన్ని తిప్పి పంపరు. గేటు బయట నిలబెడతారు. ఆపరేటింగ్ సిస్టమ్ చేయి కలుపుతుంది, అందుకే సర్వర్‌కు చేత్తో కనెక్ట్ అయి చూసే టెల్నెట్‌తో చూస్తే "కనెక్ట్ అయింది" అని వెంటనే కనిపిస్తుంది. కానీ పోస్ట్‌ఫిక్స్ పలకరింపు, అంటే 220తో మొదలయ్యే ఆ లైను, ఎంతకీ రాదు. తలుపు తీశారు, "రండి" అనేవాళ్లు లేరు.

ఇక్కడ చిన్న లెక్క చెప్పుకోవాలి. తర్వాత ఎంఐటీ ప్రొఫెసర్ అయిన జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇది: లోపల ఎంతమంది ఉంటారంటే, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు ఉండే సమయంతో గుణించినంత. లెక్క కోసం సెకనుకు 3 కనెక్షన్లు వస్తున్నాయనుకుందాం. ఒక్కోటి 3 సెకన్లలో ముగిస్తే లోపల ఎప్పుడు చూసినా సుమారు 9 ఉంటాయి. 100లో 9, అంటే ఆవరణంతా ఖాళీ. ఏదో కారణంతో ఒక్కోటి 45 సెకన్లు పట్టడం మొదలైంది. వచ్చే మెయిళ్లు ఒక్కటి కూడా పెరగలేదు. అయినా 3ను 45తో గుణిస్తే 135. చోటు వందే. ఆ క్షణం నుంచి రోడ్డు మీద బారు పెరుగుతూనే పోతుంది, దానికి అంతు ఉండదు.

"నిన్నటిదాకా బాగానే ఉందిగా, మెయిళ్లేమీ పెరగలేదుగా" అని మేనేజర్ అడిగితే జవాబు ఈ లెక్కే. గిరాకీ పెరగలేదు, ఒక్కో లారీ లోపల ఉండే సమయం పెరిగింది. ఆ అదనపు సమయమంతా ఉత్త నిరీక్షణే కాబట్టి సీపీయూకు ఏమీ తెలియదు. సర్వర్ డైరీ లాంటి లాగ్‌లో మాత్రం పోస్ట్‌ఫిక్స్ చెబుతుంది, ఫలానా సర్వీసు ప్రాసెస్ పరిమితికి చేరింది, కొత్తగా వచ్చేవాళ్లకు ఆలస్యం కావచ్చు అని. నేను ఆ హెచ్చరిక చూశాను. చూసి తప్పుగా అర్థం చేసుకున్నాను. చోటు చాలడం లేదు కాబట్టి చోటు పెంచాలి అనుకుని 100ను 300 చేశాను.

జాము వెనక్కి పాకుతుంది

మా సర్వర్‌లో మెయిల్ లోపలికి వచ్చేటప్పుడే దాన్ని అమావిస్ అనే ఫిల్టర్‌కు చూపిస్తాం. అది స్పామ్ కోసం స్పామ్‌అసాసిన్‌ను, వైరస్ కోసం క్లామ్‌ఏవీని అడుగుతుంది. ఫిల్టర్ సరే అన్నాకే పంపినవాళ్లకు "అందింది" అని చెబుతాం. మిల్లులో తేమ మీటరు పట్టుకుని కూర్చున్నవాడు ఈ ఫిల్టర్. మా దగ్గర అలాంటి మీటర్లు 10 పెట్టి ఉన్నాయి. ఏమీ మార్చకపోతే అమావిస్ ఇచ్చేది రెండే.

సెకనుకు వచ్చే మూడు కనెక్షన్లలో రెండు గేటు దగ్గరే స్పామ్ అని తిరిగిపోయి, ఒకటి ఫిల్టర్ దాకా వస్తుందనుకోండి. ఒక్కో మెయిల్‌కు 2 సెకన్లయితే రెండు మీటర్లు చాలు, ఎనిమిది ఊరికే ఉంటాయి. అదే 15 సెకన్లయితే 15 మీటర్లు కావాలి. ఉన్నవి 10. అప్పుడు ఫిల్టర్ ముందు బారు మొదలవుతుంది. ఆ బారులో ఉన్న ఒక్కో మెయిల్ వెనక గేటు దగ్గర ఒక ప్రాసెస్ ఇరుక్కుని ఉంటుంది. లోపలి జాము కాసేపటికి ఆవరణ నింపి రోడ్డెక్కుతుంది. చూసేవాళ్లకు గేటే ఇరుకనిపిస్తుంది. గేటు వెడల్పు చేస్తే లోపల ఉన్న పది మీటర్ల మీద ఇంకో రెండు వందల లారీలు వచ్చి పడతాయి, అంతే.

అదే జరిగింది. నాకు టెన్షన్ పెరిగి ఫిల్టర్లను 10 నుంచి 40 చేశాను. స్పామ్‌అసాసిన్‌ను లోపల మోసే ఒక్కో అమావిస్ ప్రాసెస్ వంద ఎంబీకి పైగానే తింటుంది. క్లామ్‌ఏవీ తన వైరస్ గుర్తులన్నీ మెమరీలో పెట్టుకోవడానికి విడిగా ఒక జీబీకి పైన తీసుకుంటుంది. మాది 8 జీబీ మెషీన్, మెయిల్‌బాక్సులూ దాని మీదే. మెమరీ చాలక సర్వర్ స్వాప్‌లోకి, అంటే డిస్కునే మెమరీగా వాడుకోవడంలోకి, జారింది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న డిస్కు కూడా ఇప్పుడు నిజంగానే నిండా మునిగింది. ఒక సమస్యతో మొదలైన రోజు పదకొండున్నరకల్లా రెండు సమస్యలైంది, రెండోదానికి కారణం పూర్తిగా నేనే.

ఈ గొడవలో ఇంకో తప్పుదారి కూడా ఉంది. గేటు ప్రాసెస్ ఫిల్టర్ కోసం 100 సెకన్లు చూసి ఇక చాలనుకుంటే, పంపినవాళ్లకు 451తో మొదలయ్యే ఎర్రర్ సందేశం పంపుతుంది. అందులో ఉండే మాటలకు అర్థం "క్యూ ఫైలు రాయడంలో లోపం" అని. క్యూ అంటే మెయిళ్లు తమ వంతు కోసం డిస్కు మీద ఆగే చోటు. అది చదివిన ఎవరైనా డిస్కు నిండిందేమోనని వెతుకుతారు. నేనూ అరగంట వెతికాను. డిస్కుకు దానితో ఏ సంబంధమూ లేదు, ఫిల్టర్ పలకలేదని దాని భావం. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తప్పుల సందేశాలను ఇంకాస్త శ్రద్ధగా రాస్తే మాలాంటివాళ్ల జుట్టు ఇంకొన్నేళ్లు నల్లగా ఉండేది.

మధ్యాహ్నానికి ఇంకో వింత. అకౌంట్స్‌కు ఒకే ఇన్వాయిస్ మూడుసార్లు వచ్చింది. పంపినవాళ్లు ఒక్కసారే పంపామంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మెయిల్ మొత్తం ఇచ్చి, అయిపోయిందనే గుర్తుగా చివర చుక్క పెట్టాక, పంపే సర్వర్ "అందింది" అనే మాట కోసం ఆగుతుంది. మనం మెయిల్ తీసుకుని, ఆ మాట చెప్పేలోపు దాని ఓపిక అయిపోతే, అందలేదనుకుని మళ్లీ పంపుతుంది. నెట్‌వర్క్ పరిశోధకుడు క్రెయిగ్ పార్ట్రిడ్జ్ 1988లోనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరసలోని ఆర్‌ఎఫ్‌సీ 1047లో ఈ జంట మెయిళ్ల సంగతి రాశారు. ప్రమాణం ప్రకారం ఆ చుక్క తర్వాత 10 నిమిషాలు ఆగాలి, మొదటి పలకరింపు కోసం 5 నిమిషాలు ఆగాలి. అందరూ అంత ఆగరు. అవుట్‌లుక్ మామూలుగా ఒక నిమిషమే ఆగుతుంది. బయటి సర్వర్లు ఇంకా నోరెత్తక ముందే మన ఆఫీసువాళ్ల ఫోన్లు మోగేది అందుకే.

రౌండ్ ఫిగర్ల వాసన

అంకెలన్నీ పాతచోటికి తెచ్చి, సాయంత్రం అందరూ వెళ్లాక మళ్లీ కూర్చున్నాను. బయటి రద్దీ కూడా తగ్గింది. రద్దీ లేనప్పుడు చూడటంలో లాభం ఏమిటంటే, బారు వల్ల వచ్చే ఆలస్యం పోయి అసలు ఆలస్యం మాత్రమే మిగులుతుంది. సర్వర్ మీదనుంచే టెల్నెట్ చేస్తే పలకరింపు వెంటనే వచ్చింది. పక్క గదిలోని పీసీ నుంచి చేస్తే 5 సెకన్లు. మళ్లీ చేశాను, 5. ఇంకోసారి, 5.

పని భారం వల్ల వచ్చే ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉండదు, ఒకసారి 2.3, ఒకసారి 7.8. సరిగ్గా 5, సరిగ్గా 10, సరిగ్గా 15 అని రౌండ్ ఫిగర్లు వస్తున్నాయంటే అది పని కాదు. ఎవరో జవాబు కోసం గడియారం చూస్తూ కూర్చుని, గడువు కాగానే లేస్తున్నారు. లినక్స్‌లో 5 సెకన్లు అనగానే మొదట అనుమానించాల్సింది డీఎన్‌ఎస్‌ను, అంటే ఏ పేరుకు ఏ ఐపీ చిరునామానో చెప్పే వ్యవస్థను. ఆ జవాబులిచ్చే నేమ్‌సర్వర్ ఒకటి పలకకపోతే 5 సెకన్లు చూసి తర్వాతిదాన్ని అడగడం లినక్స్ అలవాటు.

పోస్ట్‌ఫిక్స్ పలకరించే ముందే వచ్చినవాళ్లెవరో తెలుసుకోవాలని చూస్తుంది. ఐపీ చిరునామాకు పేరేమిటని అడుగుతుంది, పేరు దొరికితే ఆ పేరుకు ఇదే ఐపీ ఉందా అని తిరిగి అడుగుతుంది. సర్వర్ తన సొంత చిరునామాను డీఎన్‌ఎస్‌లో అడగక్కర్లేదు, లోపలి ఫైల్లోనే ఉంటుంది, అందుకే దాని మీదనుంచి చేస్తే ఆలస్యం లేదు. పక్క పీసీకి ఒక ప్రశ్న, 5 సెకన్లు. బయటి సర్వర్‌కు రెండు ప్రశ్నలు, 10 సెకన్లు. తర్వాత బ్లాక్‌లిస్టులు, అంటే స్పామ్ పంపే ఐపీల జాబితాలు, వాటినీ డీఎన్‌ఎస్ ద్వారానే అడగాలి. మా దగ్గర నాలుగు ఉన్నాయి. గేటు ప్రాసెస్ వాటిని ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంది, ఇంకో 20. ఆపైన స్పామ్‌అసాసిన్ తన సొంత జాబితాలను అన్నీ ఒకేసారి అడిగి, జవాబుల కోసం 15 సెకన్ల దాకా ఆగుతుంది. పదీ ఇరవై పదిహేను, నలభై అయిదు. పైన లెక్కలో వాడుకున్న 45 ఊరికే అనుకున్నది కాదు.

కారణం తెలిశాక సిగ్గేసింది. ముందు శనివారం ఇంటర్నెట్ లింకు మార్చాం. పాత కంపెనీ నేమ్‌సర్వర్ చిరునామా సెట్టింగుల్లో మొదటి స్థానంలో అలాగే ఉండిపోయింది. ఆ నేమ్‌సర్వర్లు సొంత ఖాతాదారులకే జవాబిస్తాయి, బయటివాళ్లు అడిగితే పలకవు. రెండో స్థానంలో గూగుల్ వారి 8.8.8.8 ఉంది కాబట్టి ప్రతి ప్రశ్నకూ చివరికి జవాబు వస్తోంది, 5 సెకన్లు ఆలస్యంగా. పూర్తిగా ఆగిపోయి ఉంటే పది నిమిషాల్లో దొరికేది. కుంటుతూ నడిచింది కాబట్టి రోజంతా పట్టింది.

ఆ 8.8.8.8 కూడా మెయిల్ సర్వర్‌కు పనికిరాదు. స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టులు ఇలా అందరికీ తెరిచి ఉండే నేమ్‌సర్వర్ల ద్వారా వచ్చే ప్రశ్నలకు సరైన జవాబివ్వవు, "ఇలా అడగకండి" అని అర్థం వచ్చే ప్రత్యేక సంఖ్య తిప్పి పంపుతాయి. ఆ సంఖ్యనే స్పామ్ అనే జవాబుగా తీసుకునేలా మన సెట్టింగు ఉంటే మంచి మెయిళ్లు కూడా తిరిగిపోతాయి. అందుకని సర్వర్ మీదే అన్‌బౌండ్ అనే సొంత నేమ్‌సర్వర్ పెట్టాను. అది ఎవరి మీదా ఆధారపడకుండా నేరుగా వెళ్లి అడిగి, వచ్చిన జవాబు గుర్తుపెట్టుకుంటుంది. మెయిల్ ఫిల్టర్ నడిపేవాళ్లు ఎవరైనా మొదటి రోజే చేయాల్సిన పని ఇది. నేను మూడేళ్లు ఆలస్యంగా చేశాను.

బ్లాక్‌లిస్టుల సంగతి వచ్చింది కాబట్టి, మన సెట్టింగుల్లో ఉన్న జాబితాలు ఇంకా బతికే ఉన్నాయా అని ఏడాదికోసారైనా చూసుకోవాలి. ఓఆర్‌డీబీ అనే జాబితా 2006 డిసెంబరులో మూతపడింది. దాన్ని అడగడం మానని సర్వర్లు ఏడాదికి పైగా అడుగుతూనే ఉంటే, 2008 మార్చిలో ఏ ఐపీ గురించి అడిగినా "స్పామే" అని చెప్పడం మొదలైంది. అప్పుడు అందరూ ఉలిక్కిపడి తీసేశారు. సోర్బ్స్ అనే ఇంకో జాబితా 2024 జూన్‌లో ఆగిపోయింది. మా నాలుగు జాబితాల్లో ఒకటి అదే.

కారణం డీఎన్‌ఎస్ కానప్పుడు

మెయిల్‌ను ముందు క్యూలోకి తీసుకుని, తర్వాత ఫిల్టర్‌కు పంపే ఏర్పాటు ఉన్నచోట పోస్ట్‌ఫిక్స్ రాసే లాగ్ దారి చూపిస్తుంది. ఫిల్టర్‌కు అప్పగించిన లైనులో ఆలస్యం నాలుగు ముక్కలుగా ఉంటుంది. మొదటిది మెయిల్ లోపలికి వచ్చి క్యూ మేనేజర్‌కు చేరేదాకా, రెండోది క్యూ మేనేజర్ దగ్గర, మూడోది అవతలివాళ్లకు కనెక్ట్ కావడానికి, నాలుగోది అప్పగించడానికి. ఆ లైనులో 0.4, 38, 0.01, 2 అని ఉంటే ఫిల్టర్ చురుగ్గానే ఉంది, మీటర్లు చాలడం లేదు. మెమరీ చూసుకుని ఒకటో రెండో పెంచొచ్చు. 0.4, 0.02, 0.01, 31 అని ఉంటే మీటర్లు ఖాళీ, ఒక్కో మెయిల్ మీదే 31 సెకన్లు పోతోంది. అప్పుడు ఎన్ని పెంచినా లాభం లేదు. అమావిస్ లాగ్ తెరిచి, ఏ పరీక్షకు ఎంత పట్టిందో అది రాసే లెక్క చూడాలి. పెంచేటప్పుడు పోస్ట్‌ఫిక్స్ వైపు ఫిల్టర్‌కు ఇచ్చే కనెక్షన్ల సంఖ్యా, అమావిస్ ప్రాసెస్‌ల సంఖ్యా సమానంగా ఉండాలి. ఒకటి మార్చి రెండోది మరిచిపోవడం మా వృత్తిలో సర్వసాధారణం.

రోజులో కొన్నిసార్లే ఒక నిమిషం బిగుసుకుని మళ్లీ బాగుపడుతుంటే, ఆ సమయాలను క్లామ్‌ఏవీ కొత్త గుర్తులు తెచ్చుకునే సమయాలతో పోల్చండి. పాత వెర్షన్లలో గుర్తులు మార్చుకునేంతసేపూ తనిఖీ ఆగేది. 2020లో వచ్చిన 0.103 నుంచి ఆగదు, కానీ ఆ కాసేపు రెట్టింపు మెమరీ కావాలి. చిన్న మెయిళ్లు పోయి పెద్దవి మధ్యలో ఆగిపోతుంటే ఫిల్టర్‌ను వదిలి రౌటర్‌ను చూడండి. దారిలో పట్టే ప్యాకెట్ సైజు తగ్గి, ఆ సంగతి చెప్పే ఐసీఎంపీ సందేశాలను ఎవరో ఫైర్‌వాల్‌లో మూసి ఉంటారు.

కొన్ని ఆలస్యాలు మనం పెట్టుకున్నవే. పోస్ట్‌ఫిక్స్‌లోనే ఉండే పోస్ట్‌స్క్రీన్ అనే కాపలాదారు కొత్తవాళ్లను 6 సెకన్లు ఆపి చూస్తుంది, స్పామ్ పంపే యంత్రాలకు ఆ ఓపిక ఉండదు కాబట్టి తొందరపడి దొరికిపోతాయి. ఇది మంచి ఆలస్యం, ఎందుకంటే ఆ 6 సెకన్లూ ఆవరణలో చోటు పట్టదు, ఒక్క ప్రాసెసే అందరినీ చూస్తుంది. గ్రేలిస్టింగ్ అలా కాదు, మొదటిసారి వచ్చినవాళ్లను "కాసేపాగి రా" అని పంపేస్తుంది. కొనుగోలుదారుల పోర్టల్ నుంచి వచ్చే ఓటీపీ గడువు అయిపోయాక చేతికి అందుతుంది. మా దగ్గర తీసేశాను. నన్నడిగితే ఓటీపీల కాలంలో దానికి చోటు లేదు.

లారీని ఆపాలా, చీటీ ఇచ్చి పంపాలా

లోపలికి వచ్చేటప్పుడే ఫిల్టర్ చేయాలా, తీసుకున్నాక చేయాలా అన్నది మాత్రం తేలిగ్గా తేలే సంగతి కాదు. తేమ చూసేదాకా లారీని ఆపితే, తడి ధాన్యమైతే అదే లారీలో తిప్పి పంపొచ్చు, కానీ ఆవరణ నిండుతుంది. దించుకుని చీటీ ఇచ్చి పంపేస్తే ఆవరణ ఖాళీ, కానీ తర్వాత తడి అని తేలితే తిప్పి పంపడానికి లారీ ఉండదు. మెయిల్‌లో ఇది ఇంకా ఇబ్బంది. స్పామ్ మీద ఉండే పంపినవాళ్ల చిరునామా దాదాపు ఎప్పుడూ దొంగదే. తీసుకున్నాక తిప్పి పంపితే ఏ పాపమూ ఎరగని మూడోవాళ్లకు చేరుతుంది, మన సర్వరే స్పామ్ పంపినట్టవుతుంది. కాబట్టి తీసుకున్నాక స్పామ్ అని తేలినదాన్ని పక్కన పెట్టుకోవాలి, ఎవరో ఒకరు రోజూ అందులో చేయి పెట్టి చూడాలి.

ఎగుమతి వ్యాపారంలో ఒక ఆర్డరు మెయిల్ ఆ కుప్పలో పడి నాలుగు రోజులు ఎవరికీ కనిపించకపోవడం కంటే, పంపినవాళ్లకు "తీసుకోలేదు" అని అప్పుడే తెలియడం మేలు. అందుకే బయటి మెయిళ్లకు ముందే ఫిల్టర్ చేసే పద్ధతి ఉంచాను. గేటు ముందు పోస్ట్‌స్క్రీన్ పెట్టి అక్కడే చాలా స్పామ్‌ను తిప్పి పంపేస్తున్నాను. అది జాబితాలన్నింటినీ ఒకేసారి అడుగుతుంది కూడా. ప్రాసెస్‌లు మళ్లీ 100, ఫిల్టర్లు మళ్లీ 10.

అసలు ఆ సోమవారం ఆఫీసువాళ్లు ఎందుకు ఇరుక్కున్నారంటే, ఏళ్ల కిందట ఎవరో వాళ్ల పీసీలన్నీ 25వ పోర్టు మీద పెట్టారు. ప్రపంచంలోని స్పామంతా వచ్చే గేటులోనే మన సొంత లారీలూ నిలబడ్డాయి. సొంతవాళ్లు పంపడానికి 587 అనే వేరే గేటు 1998 నుంచీ ఉంది, దానికి వేరే 100 ప్రాసెస్‌లు ఉంటాయి. రెండు వారాలు ఒక్కో పీసీ దగ్గరా కూర్చుని అన్నీ మార్చాను. 587లో వచ్చేవాళ్లు పాస్‌వర్డ్ ఇచ్చి వచ్చేవాళ్లు కాబట్టి బ్లాక్‌లిస్టులు అడగదు. మెయిల్‌ను తీసుకుని, చీటీ ఇచ్చి, వైరస్ మాత్రం తర్వాత చూస్తుంది.

ప్లాంట్‌లో ఒక పాత స్కానర్ మిగిలింది. దానికి పాస్‌వర్డ్ ఇవ్వడం రాదు, టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను రహస్యంగా ఉంచే పద్ధతి) అంటే తెలియదు, కొత్తది కొనమంటే "బాగానే పనిచేస్తాందిగా" అంటారు. దాని ఒక్క ఐపీకే తెరిచి ఉండేలా విడిగా ఒక పోర్టు పెట్టాను.